జర్మనీలో "ఇంట్లో చేసిన ఉగ్గు" కొంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తాను, బాబు ఇప్పుడు బాగానే ఉన్నాడు. నేను ఇది రాస్తుంటే పక్కన కూర్చుని కీరదోసకాయ ముక్క చీకుతున్నాడు. కాబట్టి కంగారు పడకుండా చదవండి, కానీ చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఏడాది, రెండేళ్ళ పిల్లలతో కొత్తగా వచ్చినవాళ్ళు.

ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకావిడ దగ్గర "మొలకల రాగి ఉగ్గు" కొన్నాను. అందులో జీడిపప్పు కలిసిందని ఆవిడ చెప్పలేదు. మా 14 నెలల పిల్లాడు దాని వల్ల ఒక రాత్రి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆవిడ పేరు రాయను. పేరు కన్నా ఆ అమ్మే పద్ధతి ముఖ్యం, ఎందుకంటే అలా అమ్మేవాళ్ళు ఆవిడ ఒక్కతే కాదు.

మాది విజయనగరం వైపు. రాగుల్ని చోళ్ళు అంటాం. నవంబరు మొదట్లో ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేటప్పుడు అత్తయ్య 2 కిలోల చోడి పిండి కట్టి ఇచ్చారు. వీడికి ఇల్లు మారింది, మంచం మారింది, బయటికెళితే ఒంటి మీద నాలుగు పొరల బట్టలు. మారనిదల్లా పొద్దున జావ ఒక్కటే. 5 వారాల్లో పిండి అయిపోయింది, అంతే, వాడు సమ్మె మొదలుపెట్టాడు. ఇక్కడ పిల్లలకి మొదట పెట్టేది పాస్టినాకె అని తెల్ల క్యారెట్ లాంటి దుంప, గుజ్జు చేసి గాజు సీసాల్లో అమ్ముతారు. చెంచా నోటి దగ్గరికి తెస్తే చాలు, మా వాడు తల తిప్పేసేవాడు. బరువు 300 గ్రాములు తగ్గాడు. రోజూ వీడియో కాల్‌లో అమ్మ "చిక్కిపోయాడే" అనేది. ఆ మాట విన్న తల్లికి ఎంత టెన్షన్ ఉంటుందో ఇక్కడ వివరించక్కర్లేదు.

నేనే చేద్దామనుకున్నాను. చోళ్ళు నానబెట్టి, మూట కట్టి, మొలకలు తెప్పించేదాకా బాగానే జరిగింది. ఆరబెట్టడం దగ్గరే తేడా కొట్టింది. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే చీకటి. హీటర్ మీద గుడ్డ పరిచి పోస్తే రెండో రోజుకి పులిసిన వాసన. పారబోశాను. సరిగ్గా అదే వారం గ్రూపులో ఆవిడ పోస్టు కనిపించింది. "మా పిల్లలకి పెట్టేదే అమ్ముతాను అక్కా, అమ్మ చేసినట్టే ఉంటుంది."

అర కిలో 18 యూరోలు. రెండు తీసుకున్నాను, పోస్టేజీతో 41. ఏమేం వేశారని అడిగాను కూడా. "రాగులు, బియ్యం, పెసరపప్పు, కొంచెం బాదం, యాలకులు" అంది. బాదం అప్పటికే తిన్నాడు, ఏమీ కాలేదు. డబ్బు పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ"గా పంపమంది, లేకపోతే తనకి చార్జీ పడుతుందని. సరే, మనవాళ్ళే కదా అని అలాగే పంపాను. ఈ సంగతి మళ్ళీ చెబుతాను.

జిప్ కవర్లో వచ్చింది. పైన స్కెచ్ పెన్నుతో "రాగి ఉగ్గు" అని రాసి, ఒక లవ్ సింబల్. తేదీ లేదు, ఏమేం ఉన్నాయో లేదు. మొదటి కవరు 12 రోజులు వచ్చింది, వాడు ఆవురావురుమని తిన్నాడు. నేను గ్రూపులో ఆవిడని పొగుడుతూ మెసేజ్ కూడా పెట్టాను. అది చూసి కొన్నవాళ్ళెవరైనా ఉంటే మీకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

రెండో కవరు విప్పాక నాలుగో చెంచాకే మూతి చుట్టూ ఎర్రబడింది. జావ వేడి తగిలిందేమో అనుకున్నాను. పొట్ట మీద దద్దుర్లు లేచాయి. పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నాను. అప్పుడు హైదరాబాదులో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేశాను, వాము నీళ్ళు పట్టమంది. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. కింది పెదవి ఉబ్బింది, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, గొంతు బొంగురుపోయింది. మా ఆయన 112కి ఫోన్ చేశారు. అవతల ఇంగ్లీషులోనే మాట్లాడారు, అడ్రసు చెప్పగానే అంబులెన్స్ పంపారు. వచ్చినవాళ్ళు తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికే పెదవి వాపు తగ్గడం మొదలైంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో ఏముంది? ప్యాకెట్ చూపించండి." కవరు చూపించాను. స్కెచ్ పెన్ను, లవ్ సింబల్. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

తర్వాత చేసిన టెస్టుల్లో జీడిపప్పు అలర్జీ అని తేలింది. అమ్మినావిడకి మెసేజ్ పెడితే, జీడిపప్పు వేయలేదు, పిల్లాడికి ఇక్కడి చలి పడలేదేమో అంది. మూడో రోజున అసలు సంగతి చెప్పింది. రెండో కవరు పొడి పట్టే ముందు అదే మిక్సీ జారులో కాజు కత్లీ కోసం జీడిపప్పు పొడి చేసిందట. "జారు తుడిచాను అక్కా, కొంచెం అంటుకుంటే ఏమవుతుంది?" అని.

ఏమవుతుందో మీకు చెప్పాను. అలర్జీ ఉన్న పిల్లలకి గుప్పెడు అక్కర్లేదు, జారు అంచున మిగిలిన పొడి చాలు. జీడిపప్పు పడని పిల్లల్లో చాలామందికి పిస్తా కూడా పడదని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా అడ్రినలిన్ పెన్ను (పెన్నులా ఉండే ఇంజెక్షన్) ఉన్న సంచీ మాతో రావాలి. అలాగని భయపడి పప్పుగింజలన్నీ మాన్పించేయవద్దని కూడా గట్టిగా చెప్పింది. పడుతున్న బాదం, వేరుశనగ పేస్టులు మానకుండా పెడుతూ ఉండమంది. గింజలు గింజలుగా మాత్రం వద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

ఇక డబ్బు సంగతి. 41 యూరోలు వెనక్కి ఇవ్వమంటే నన్ను బ్లాక్ చేసింది. పేపాల్‌ని అడిగితే, "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ"గా పంపిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ వర్తించదన్నారు. సరుకు అమ్మేవాళ్ళు అలా పంపమన్నారంటే గొడవ వస్తే మీకు దిక్కు లేదన్నమాట. చార్జీ పడుతుందంటే ఆ కాస్తా మీరే ఎక్కువ ఇవ్వండి కానీ అలా పంపకండి. గ్రూపులో నేను రాసిన పోస్టుని అడ్మిన్ తీసేశాడు, "మనలో మనకి గొడవలెందుకు" అని. మనలో మనకి కాబట్టే కదండీ నేను లేబుల్ అడగలేదు!

ఇదంతా అయ్యాక తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ప్యాకెట్ మీద 14 రకాల అలర్జీ పదార్థాలని మిగతా అక్షరాల కన్నా కొట్టొచ్చినట్టు కనపడేలా అచ్చువేయాలి. వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, పాలు, గోధుమ, నువ్వులు, ఆవాలు, సోయా అన్నీ అందులో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మితే కొనకముందే ఆ వివరాలు చెప్పాలి. ఇంటి నుంచి అమ్మినా సరే, దాన్ని వ్యాపారంగా క్రమం తప్పకుండా చేసేవాళ్ళు ఊళ్ళోని ఆహార తనిఖీ ఆఫీసులో నమోదు చేసుకోవాలి. ఆ ఆఫీసు పేరు లెబెన్స్‌మిటెల్‌యూబర్‌వాఖుంగ్. పలికేలోపు జావ చల్లారిపోతుంది, కానీ ఫిర్యాదు ఈమెయిల్‌లో పంపితే సరిపోతుంది. నేను పంపాను.

ఒక మెలిక కూడా ఉంది. షాపు ప్యాకెట్ల మీద "కాన్ ష్పూరెన్ ఫోన్..." అని ఉంటే దేని ఆనవాళ్ళో కలిసి ఉండొచ్చని అర్థం. ఆ వాక్యం రాసి తీరాలన్న నిబంధన లేదు, కంపెనీలు తమంతట తామే రాస్తాయి. అది లేనంత మాత్రాన కలవలేదని అనుకోకండి. జీడిపప్పుని ఇక్కడ కాషూ, వేరుశనగని ఎర్డ్‌నుస్, బాదాన్ని మాండెల్, నువ్వుల్ని జేజామ్ అంటారు. ఈ నాలుగు మాటలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

అలర్జీ సంగతి పక్కన పెట్టినా, నాకు ఆలస్యంగా వెలిగిన ప్రశ్న ఒకటుంది. అదే డిసెంబరులో, ఇదే ఊళ్ళో, నా చోళ్ళు ఆరలేదు. ఆవిడవి ఎక్కడ ఆరాయి? రెండో కవరులో సన్నగా ముక్కిన వాసన ఉందని నాకు విప్పగానే అనిపించింది, చలికాలం కదా అని సరిపెట్టుకున్నాను. తడి ఆరని ధాన్యానికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. మామూలు ధాన్యంలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకి 2 మైక్రోగ్రాములు దాటకూడదని ఇక్కడి నిబంధన. పసిపిల్లల ఆహారంలో అయితే 0.1 దాటకూడదు. అంటే ఇరవయ్యో వంతు. మిక్సీ జారునే కడగనివాళ్ళు దాన్ని పరీక్ష చేయిస్తారా?

మరి ఏం పెట్టాలి అంటారా, మేం ఇప్పుడు పెట్టేది చెబుతాను. మొలకలు కట్టడం మానేశాను. ఫ్రాంక్‌ఫర్ట్ హాప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ రైల్వే స్టేషన్) దగ్గర ఇండియన్ షాపుల్లో సీలు వేసిన రాగి పిండి దొరుకుతుంది, లేబుల్ చదివి తెచ్చి బాగా ఉడికించి ఇస్తున్నాను. డీఎం, రోస్‌మాన్ షాపుల్లో "హిర్సె" అని కనపడితే రాగి అనుకుని మోసపోకండి, అది మన వరిగలు. మెత్తగా ఉడుకుతుంది, బాగుంటుంది, కానీ రుచి వేరు. మిల్ష్‌రైస్ అనే పొట్టి బియ్యంతో పప్పన్నం చేస్తే పిల్లల అన్నంలా ముద్దగా వస్తుంది. రోటె లిన్సెన్ అంటే మన ఎర్ర మైసూరు పప్పు, పదిహేను నిమిషాల్లో కరిగిపోతుంది. నెయ్యికి బుటర్‌ష్మాల్జ్ కొనండి. మామూలు నాటూర్ యోగుర్ట్‌తో పెరుగన్నం కలిపితే మా వాడు గిన్నె వదలడు. రాగి జావ లేకపోతే కాల్షియం తగ్గిపోతుందని నేను బెంగపెట్టుకున్నాను. పాలు, పెరుగు తినే పిల్లాడికి ఆ బెంగ అక్కర్లేదని డాక్టరమ్మ నవ్వింది.

ఇండియా నుంచి అమ్మావాళ్ళు వస్తుంటే పిండి తెప్పించుకుంటాం, అది వేరే సంగతి. అయితే నెయ్యి డబ్బా, కోవా, పాలపొడి కలిపిన ఇంటి పొడులు తేవద్దని చెప్పండి. పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు. కంపెనీ సీలు విప్పని, ఫ్రిజ్ అవసరం లేని పిల్లల పాలపొడి, పిల్లల ఆహారం అయితే మనిషికి 2 కిలోల దాకా ఒప్పుకుంటారు.

పిల్లలకి తిన్న కాసేపటికే దద్దుర్లతో పాటు వాంతులు, పెదవి వాపు, గొంతు మార్పు, ఆయాసం, వీటిలో ఏది కనపడినా ఎవరికీ ఫోన్ చేసి అడగకండి, నేరుగా 112. రాత్రిపూట మామూలు జ్వరం లాంటి వాటికి 116117 ఉంది, ఈ రెండూ కలిపేసుకోవద్దు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల స్కెచ్ పెన్ను రాత, లవ్ సింబల్ ఉన్న జిప్ కవర్లలో ఉగ్గు కొన్నవాళ్ళుంటే ఇక పెట్టకండి. పారేయకండి కూడా. వేరే కవర్లో వేసి మూతి కట్టి, కొన్న తేదీ రాసి దాచండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే డాక్టరుకి చూపించడానికి అదొక్కటే ఆధారం. మా ఇంట్లో మిగిలిన సగం కవరు ఆహార తనిఖీ ఆఫీసు వాళ్ళ కోసం ఫ్రీజర్‌లో ఉంది.