కాలవ గట్టా, అద్దె గదా, ఊరవతల పట్టానా: ఏది మేలు?

భీమవరంలో టిఫిన్ బండి పెట్టుకునేవాళ్ళకి, అడ్డా మీద నిలబడే కూలీలకి తల దాచుకోవడానికి ఉన్నవి మూడే దారులు. కాలవ గట్టు మీద పాక, టౌనులో అద్దె గది, ఊరవతల కాలనీలో పట్టా స్థలం. పాలకొల్లులోనూ, తాడేపల్లిగూడెంలోనూ ఇదే పరిస్థితి.

కాగితం చూస్తే పట్టాదే పైచేయి. 2020 డిసెంబరులో మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం పంచిన పట్టాలు టౌనువాళ్ళకి ఒక్కో సెంటు, అంటే 48.4 గజాలు. అదీ ఆడవాళ్ళ పేరున. కానీ డెల్టాలో మెరక భూమి ఎక్కడుంది? వరి చేలల్లో వేసిన లేఅవుట్లలో పునాది కంటే ముందు మట్టి తోలించుకోవాలి. అంతకంటే పెద్ద తిప్పలు పనితో. పొద్దున్నే సెంటర్లో బండి పెట్టాల్సిన మనిషికి ఆ చీకట్లో ఆటో దొరకదు. అడ్డాకి ఆలస్యంగా వస్తే మేస్త్రీలు అప్పటికే మనుషుల్ని తీసుకుపోయి ఉంటారు.

గట్టు మీద ఆ బాధ లేదు. పని పక్కనే, బడి పక్కనే, అద్దె లేదు. అయితే కాలవ పోరంబోకు అభ్యంతరకర భూమి, అంటే ఇళ్ళకి ఇవ్వకూడని సర్కారు భూమి కిందకి వస్తుంది కాబట్టి ఇళ్ళ క్రమబద్ధీకరణ దానికి వర్తించదు. ‘మీటరుంది, ఓటుంది, మమ్మల్నెవరు కదుపుతారు’ అంటారు. ఆ కాగితాలు మీరక్కడ ఉంటున్నారని చెబుతాయి గానీ, స్థలం మీ సొంతమని చెప్పవు. అయినా పారేయకండి. రేపు ఖాళీ చేయిస్తే బదులు స్థలం అడగడానికి అవే ఆధారం. 1905 నాటి ఆక్రమణల చట్టం ప్రకారం ఖాళీ చేయించే ముందు నోటీసిచ్చి సంజాయిషీ అడగాలి. నోటీసు రాగానే మనవాళ్ళు నాయకుడింటికి పరిగెడతారు. వెళ్ళండి, కాకపోతే జవాబు రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాకే వెళ్ళండి.

అద్దె గదిని ఎవరూ కూల్చరు. కాకపోతే ముసురు పట్టి వారం రోజులు పని లేకపోయినా ఒకటో తారీఖు ఆగదు.

విచిత్రమేమిటంటే పాక కంటే బండికే చట్టం అండ ఎక్కువ. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మున్సిపాలిటీ సర్టిఫికెట్ ఉంటే, 30 రోజుల ముందు నోటీసివ్వకుండా బండి తీయించకూడదు. ముందు అది తెచ్చుకోండి. డైలీ ఫైనాన్స్ వాళ్ళ దగ్గరికి పోకుండా వీధి వ్యాపారులకి కేంద్రం పెట్టిన స్వనిధి పథకం కింద బ్యాంకు అప్పు తెచ్చుకోవడానికీ అది పనికొస్తుంది.

నన్నడిగితే, రొయ్యల ప్లాంటు బస్సు ఇంటి దగ్గరికే వచ్చే ఆడవాళ్ళకి కాలనీయే మేలు. బండివాళ్ళు, అడ్డా కూలీలు పట్టా వదులుకోకుండా, పిల్లలు చేతికొచ్చేదాకా టౌనులో అద్దెకుండటం నయం. ఈలోగా కాలనీలో కనీసం పునాదైనా వేసుకోవాలి, ఖాళీగా వదిలేస్తే పట్టా రద్దయ్యే ప్రమాదం ఉంది. గట్టు మీద ఇప్పటికే ఉన్నవాళ్ళు ఉండండి గానీ, రేకులు తీసి శ్లాబు వేయకండి. నోటు రాయించుకుని అక్కడ కొత్తగా పాక కొనడమైతే అసలే వద్దు, తహసీల్దారు ముందు ఆ నోటు చెల్లదు.