మాటకు రుసుమా, అంగీకి రుసుమా?

మా మేనల్లుడు కడపలో, వాడి జట్టులో ఇద్దరు అనంతపురంలో, ఒకడు కర్నూలులో. రాత్రి తొమ్మిదికి అందరూ ఆన్‌లైన్ వీడియో ఆటలో కలుస్తారు. హెడ్‌సెట్ మైకు మీది స్పాంజి ఊడిపోతే వాడు దూది చుట్టి దారం కట్టాడు. "బావా, మెట్ల మీద ఉన్నాడు!" అన్న కేక వీధి దాకా వినిపిస్తుంది. ఆ కేకకు డబ్బు తీసుకోవచ్చా?

తీసుకున్నవాళ్లున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటల యంత్రం ఎక్స్‌బాక్స్‌లో పార్టీ చాట్‌కు, అంటే జట్టుతో మాట్లాడుకోవడానికి, 2021 ఏప్రిల్ దాకా డబ్బు కట్టే గోల్డ్ సభ్యత్వం ఉండాల్సిందే. మాటను మోసే సర్వర్లకు ఖర్చవుతుంది, నిజమే. కానీ నలుగురిలో ఒకడు కట్టలేకపోతే జట్టే మూగబోతుంది. కట్టిన ముగ్గురికీ నష్టమే. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ పద్ధతి వేరు: కనీసం 5 డాలర్లు ఖర్చు పెట్టని ఖాతా స్నేహితులకు ఆహ్వానం పంపలేదు. అది నకిలీ ఖాతాలకు అడ్డుకట్ట, పైగా ఆ డబ్బుకు ఆటే కొనుక్కోవచ్చు. దానితో నాకు పేచీ లేదు.

రెండోది ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ దారి. జట్టు మాటలు ఉచితం. ఆటలోని బొమ్మ తొడుక్కునే అంగీలకు, తుపాకీ రంగులకు ధర. కొనకపోయినా ఆట ఆగదు. అయితే ఆటలో అమ్మే పెట్టెలో ఏముందో తెలియకుండా కొనిపించే జూదపు వాసన ఇక్కడే ఉంది, పిల్లల జేబులు ఖాళీ అయ్యేదీ ఇక్కడే. అయినా నా ఓటు దీనికే. మావాడు ఇప్పటికీ ఉచితంగా వచ్చిన బనియనుతోనే దూకుతున్నాడు, అరుపులకు మాత్రం లోటు లేదు.