ఏడు వారాల్లో నా ఒంటికి కుదిరిన స్టీలు సైకిల్ ఫ్రేమ్

సైకిల్ మీద భాకరాపేట ఘాట్ ఎక్కిన ప్రతిసారీ నడుం పట్టేసేది. నాకు కాళ్లు పొడుగు, మొండెం పొట్టి. షాపు ఫ్రేమ్ ఏదీ కుదరలేదు. కొలతలకు ఫ్రేములు చేసే పేరున్న బిల్డర్ల దగ్గరేమో ఏళ్ల తరబడి వరస. అందుకే తిరుపతి నుంచి రైలెక్కి, బెంగళూరులో ఒంటరిగా పనిచేసే ఒకాయనకు కొలతలిచ్చొచ్చాను.

ఆరు వారాల్లో ఇస్తాననేసరికి, ఇంత తక్కువ గడువేంటని భయమేసింది. ఆయన ఇత్తడి కరిగించి గొట్టాలు కలిపిన ఒక పాత అతుకు అడ్డంగా కోసి చూపించాడు: ఇత్తడి లోపలిదాకా పారి ఉంది, అంటే అతుకు గట్టిదే. అక్కడికక్కడే అడ్వాన్సిచ్చాను. 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) గొట్టాలే వాడతాడు, ముందే తెచ్చి పెట్టుకుంటాడు, లగ్గుల (గొట్టాలు కలిసేచోట వేసే లోహపు తొడుగుల) జోలికి పోడు. అందుకే తొందరగా అవుతుంది.

ఆరు వారాలన్నాడు, ఏడు పట్టింది. రంగు దగ్గర ఆలస్యమని ముందే ఫోన్ చేశాడు. లోపల తుప్పు పట్టకుండా గొట్టాలకు నూనె పట్టించమని మాత్రం మనమే అడగాలి. మొన్న ఆదివారం ఘాట్ పైదాకా తొక్కాను, నడుం ఊసే లేదు.