జాగ్రత్త: డబ్బా మీద ఇండియా స్టిక్కర్ చూసి సీసీ కెమెరాలు కొనకండి

ఇంటికో షాపుకో అపార్ట్‌మెంట్‌కో సీసీ కెమెరాలు పెట్టించాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ముఖ్యంగా అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా ఉండి, పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న ఇళ్లవాళ్లు. ఫోన్‌లో చూసుకోవచ్చు అనే మాటతో ఈ సెట్లు అమ్మేది మనలాంటివాళ్లకే.

తెనాలిలో మా అమ్మానాన్నల ఇంటికి నాలుగు కెమెరాలు, వాటి వీడియో రికార్డ్ చేసే డీవీఆర్ పెట్టె, హార్డ్ డిస్క్ కలిపి ఒక సెట్ తీసుకున్నాం. షాపతనికి మేం ముందే చెప్పింది ఒక్కటే, చైనా సరుకు వద్దని. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది సైనికులు అమరులయ్యారు. వాళ్లలో కల్నల్ సంతోష్ బాబుది మన సూర్యాపేట. అప్పటి నుంచి మా నాన్నగారు ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా అట్టపెట్టె తిప్పి చూడందే ఊరుకోరు. షాపతను "ఇది పక్కా మన కంపెనీ సార్, మేడ్ ఇన్ ఇండియా" అన్నాడు. డబ్బా మీద మన జెండా రంగులు, ఇండియా కంపెనీ పేరు ఉన్నాయి. ఆ మాట మీదే మిగతావాటికంటే రెండు వేలు ఎక్కువ పెట్టి కొన్నాం.

అనుమానం వచ్చింది టైం దగ్గర. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రికార్డింగ్‌లో గడియారం రెండున్నర గంటలు ముందుకు జరిగిపోయేది. పొద్దున ఐదున్నరకు పాలావిడ గేటు తీస్తుంటే స్క్రీన్ మీద ఎనిమిది అని పడేది. బీజింగ్ టైం మనకంటే సరిగ్గా రెండున్నర గంటలు ముందుంటుంది. సెట్టింగులు తెరిస్తే కొన్ని మెనూలు చైనీస్‌లో ఉన్నాయి. అడ్మిన్ అకౌంట్‌కు పాస్‌వర్డే లేదు. డీవీఆర్ తిరగేస్తే అడుగున స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో కాస్త లాగితే కింద ఇంకో లేబుల్. దాని మీద చైనీస్ అక్షరాలు, వేరే మోడల్ నంబర్, మేడ్ ఇన్ చైనా అన్న ముద్ర.

ఇంతటితో అయితే మామూలు మోసమే అనుకుందుం. మా బావమరిది నెట్‌వర్కింగ్ పని చేస్తాడు. రౌటర్‌లో చూస్తే ఆ డీవీఆర్ కొద్ది నిమిషాలకోసారి చైనాలో ఉన్న సర్వర్‌తో మాట్లాడుతోంది. బయటి సర్వర్ ద్వారా ఫోన్‌లో చూపించే క్లౌడ్ ఆప్షన్ ఆపేశాం, ఫోన్లలో యాప్ తీసేశాం. అయినా ఆగలేదు. రీస్టార్ట్ చేస్తే ఆ ఆప్షన్ దానంతటదే మళ్లీ ఆన్ అయింది. వీడియో అంతా అక్కడికి వెళ్లిపోయిందని నేను అనడం లేదు, అది మామూలు సిగ్నల్ కూడా కావచ్చు. కానీ ఇంటివాళ్లు వద్దని ఆపిన పనిని ఇంట్లోని యంత్రం అడక్కుండా మళ్లీ మొదలుపెడితే దాన్ని ఇంట్లో ఎలా ఉంచుకుంటాం?

షాపుకు వెళ్తే "అన్నీ అక్కడి నుంచే వస్తాయి సార్, మీ ఇంట్లో ఏముందని చైనావాళ్లు చూస్తారు?" అన్నాడు. వాపసు తీసుకోనన్నాడు. బిల్లు అంటూ ఇచ్చింది తెల్ల కాగితం, దాని మీద "కెమెరా సెట్ 1" అని మాత్రమే ఉంది.

ఆ "ఏముందని చూస్తారు" అనే ప్రశ్న చాలామంది అడుగుతారు, అందుకే జవాబు చెప్పాలి. వాళ్లకు కావలసింది మన హాలు, వంటిల్లు కాకపోవచ్చు. 2022 ఏప్రిల్‌లో రికార్డెడ్ ఫ్యూచర్ అనే సైబర్ భద్రతా సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. లద్దాఖ్ సరిహద్దుకు దగ్గర్లో ఉత్తర భారతంలోని కనీసం ఏడు లోడ్ డిస్పాచ్ సెంటర్లను, అంటే ఏ ఊరికి ఎంత కరెంటు వెళ్లాలో నడిపించే కేంద్రాలను, చైనా ప్రభుత్వంతో సంబంధమున్న హ్యాకర్లు లక్ష్యంగా చేసుకున్నారని అందులో ఉంది. ఆ పనికి వాళ్లు సొంత కంప్యూటర్లను బయటపెట్టలేదు. ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న డీవీఆర్‌లు, ఐపీ కెమెరాలను చేజిక్కించుకుని, వాటి చాటు నుంచి దాడి నడిపించారని ఆ సంస్థ అంచనా వేసింది. రెండు ప్రయత్నాలు జరిగాయి, సఫలం కాలేదు అని అప్పటి విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ చెప్పారు. చైనా కాదంది. అంతకు ముందు ఏడాది మార్చిలో తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలకు కూడా చైనా హ్యాకర్ల గురించి కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నుంచి హెచ్చరిక వచ్చింది. పాస్‌వర్డ్ లేని డీవీఆర్‌లు ఇలాంటివాళ్లకు ఎంత సులువో చెప్పక్కర్లేదు. వీధిలో పదిళ్లకు అదే సెట్ బిగించి ఉంటే మరీ సులువు.

వేరే దేశాల సరుకుల్లోనూ లోపాలుంటాయి కదా అంటారు. ఉంటాయి. తేడా చట్టంలో ఉంది. 2017 జూన్ 28న అమల్లోకి వచ్చిన చైనా జాతీయ నిఘా చట్టం ఏడో నిబంధన ప్రకారం అక్కడి ప్రతి సంస్థ, ప్రతి పౌరుడు ప్రభుత్వ నిఘా పనికి సహకరించాలి. ఒకే పార్టీ ఏలే దేశంలో సహకరించనని కంపెనీ కోర్టుకు వెళ్లి గెలవడం, పత్రికలు దాన్ని బయటపెట్టడం జరిగే పనులు కావు. ఈ కెమెరాల నిఘాను అందరికంటే ముందు భరించింది కూడా అక్కడి జనమే, ముఖ్యంగా షింజియాంగ్‌లోని వీగర్ ముస్లింలు. ఆ నిఘాలో పాలుపంచుకున్నాయనే కారణంతోనే 2019 అక్టోబర్‌లో అమెరికా హిక్‌విజన్, దహువా అనే చైనా కెమెరా కంపెనీలను ఆంక్షల జాబితాలో పెట్టింది. నా కోపం చైనా ప్రజల మీద కాదు.

ఆఫ్రికా దేశాల కూటమి ఆఫ్రికన్ యూనియన్ సంగతి చూడండి. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఆ సంస్థకు 20 కోట్ల డాలర్లు పెట్టి ప్రధాన కార్యాలయం కట్టించి కానుకగా ఇచ్చింది చైనా. 2012లో ప్రారంభమైంది. అక్కడి కంప్యూటర్ల నుంచి రోజూ అర్ధరాత్రి 12 నుంచి 2 గంటల మధ్య, ఎవరూ పనిలో లేని వేళ, డేటా భారీగా షాంఘైలోని సర్వర్లకు వెళ్తోందని, ఐదేళ్లపాటు ఇలా జరిగిందని 2018 జనవరిలో ఫ్రాన్స్ పత్రిక లె మోండ్ రాసింది. చైనా ఖండించింది, యూనియన్ పెద్దలు కూడా అబద్ధమన్నారు. అయితే 2020లో అదే భవనంలోని కెమెరాల ఫుటేజీని చైనా హ్యాకర్లుగా అనుమానిస్తున్న ముఠా లాగేస్తోందని రాయిటర్స్ రాసింది. ఒక ఖండం మొత్తానికి చెందిన కార్యాలయం పరిస్థితి అది.

2021 సెప్టెంబర్‌లో ఐరోపా దేశమైన లిథువేనియా రక్షణ శాఖ తన ప్రజలకు చైనా ఫోన్లు కొనొద్దని, ఉన్నవి వదిలించుకోవాలని నేరుగా చెప్పింది. షావోమీ ఫోన్‌లో "ఫ్రీ టిబెట్" లాంటి మాటలను గుర్తించే జాబితా కనబడిందన్నది వాళ్ల మాట. షావోమీ ఒప్పుకోలేదు. 2022 నవంబర్‌లో బ్రిటన్ తన ముఖ్యమైన ప్రభుత్వ భవనాల్లో కొత్తగా ఇలాంటి కెమెరాలు పెట్టవద్దంది. మన దగ్గరైతే ప్రభుత్వ సంస్థల్లోనే చైనా కంపెనీల కెమెరాలు 10 లక్షలు ఉన్నాయని 2021లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

ఇప్పుడు కొనేవాళ్లకు. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో ఇంటర్నెట్‌కు కలిపే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి. డబ్బా మీద, కెమెరా మీద వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబర్ ఉండాలి. షాపులో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టండి. అందులో వచ్చే కంపెనీ పేరు, చిరునామా, మోడల్ డబ్బా మీది వాటితో కలవాలి. కలవకపోతే ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దు. భద్రతా పరీక్ష పాసైనట్టు కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ ఇచ్చే సర్టిఫికెట్ చూపించమని అడగండి. ఏ దేశంలో తయారైందో, ఏ నెలలో తయారైందో డబ్బా మీద చూసుకోండి, ఎందుకంటే రూలుకు ముందటి పాత స్టాక్ అంటగట్టే ప్రమాదం ఉంది. జీఎస్టీ బిల్లులో మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోకుండా డబ్బు చేతికివ్వకండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చండి, క్లౌడ్, పీ2పీ (బయటి నుంచి ఫోన్‌ను డీవీఆర్‌కు కలిపే ఆప్షన్) ఆపండి. మాలాగా అది ఆగకపోతే ఇంటర్నెట్ వైరు పీకేయండి. రికార్డింగ్ హార్డ్ డిస్క్‌లోకి వెళ్తూనే ఉంటుంది, బయటి నుంచి ఫోన్‌లో చూడటం మాత్రం కుదరదు. అమ్మకు అది కాస్త బెంగే, కానీ ప్రస్తుతానికి అలాగే నడుపుతున్నాం.

షాపు మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. వాళ్లు తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మీకూ ఇలాంటి సెట్ అంటగట్టి ఉంటే, స్టిక్కర్ మొత్తం పీకేయకముందే రెండు లేబుళ్లూ కనబడేలా ఫోటోలు తీసుకోండి. సరైన బిల్లు లేదని వెనక్కి తగ్గకండి. యూపీఐలో కట్టిన రికార్డు, కొనేటప్పుడు షాపతను వాట్సాప్‌లో పంపిన కొటేషన్, మేడ్ ఇన్ ఇండియా అని చెప్పిన మెసేజ్ కూడా ఆధారాలుగా పెట్టొచ్చు.