ఆ ‘టక్కు’ నమ్మి 38,500 పోగొట్టుకున్నాను, బంపర్ ఆటోమేటిక్ వాచీ కొనేవాళ్లు చూసుకోండి

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో అమ్మకానికి పాత వాచీల లాట్ పెట్టి, అందరినీ ‘తమ్ముడూ’ అని పిలిచి, ప్రతి ఫొటో కింద ‘రన్నింగ్ కండిషన్, ఫిక్స్ రేట్’ అని రాసే ఆయన. మీలో సగం మంది ఆయన దగ్గర కొన్నవాళ్లే. నేనూ ఇంతకు ముందు రెండు కొన్నాను, ఒక రికో, ఒక వెస్ట్ ఎండ్, రెండూ బాగానే ఉన్నాయి, అదే నా కొంప ముంచింది. ఆ రెండూ గాలానికి గుచ్చిన ఎర అని ఇప్పుడు అనిపిస్తోంది. కోపంలో ఉన్నాను కాబట్టి అలా అనిపిస్తోందేమో కూడా.

వాచీ ఒమేగా, స్టీల్ బాడీ, 1950ల మొదట్లోది, బంపర్ ఆటోమేటిక్. 42 వేలు చెప్పాడు, బేరం ఆడగా ఆడగా 38,500కి తెగింది. బంపర్ సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట చెప్పేస్తాను. ఇప్పటి ఆటోమేటిక్‌లో, అంటే చెయ్యి కదిలితే తనంతట తనే కీ ఎక్కే వాచీలో, రోటర్ అనే వెయిట్ గుండ్రంగా చుట్టూ తిరుగుతుంది కదా, అలాంటిది రోలెక్స్ 1931లోనే తెచ్చింది. ఒమేగా మాత్రం 1943లో మొదలుపెట్టింది బంపర్‌తో. అందులో వెయిట్ పూర్తిగా తిరగదు, కొంత దూరం వెళ్లి చిన్న స్ప్రింగుకి తగిలి వెనక్కి వస్తుంది, అవతలి వైపు ఇంకో స్ప్రింగుకి తగులుతుంది. చెయ్యి ఊపినప్పుడల్లా లోపల ఎవరో వేలితో తట్టినట్టు ‘టక్’ మని మణికట్టుకి తెలుస్తుంది. 1950ల మధ్యకి వచ్చేసరికి ఒమేగా కూడా పూర్తి రోటర్‌కి మారిపోయింది, ఆ తట్టుడు పోయింది. అందుకే బంపర్ అంటే మనకంత పిచ్చి. ఆ టక్కు కోసం నేను రెండేళ్లుగా వెతుకుతున్నాను.

ఆయనకి ఆ సంగతి తెలుసు. నేనే చెప్పాను, ఒకసారి కాదు, పదిసార్లు.

బరంపురం వైపు నుంచి విశాఖ వెళ్తున్నాను, విజయనగరం స్టేషన్‌లో బండి ఐదు నిమిషాలు ఆగుతుంది, కొరియర్ ఎందుకు తమ్ముడూ, చేతికే ఇచ్చేస్తాను అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాను. పైడితల్లి పండగకి వచ్చే జనంతో స్టేషన్ కిటకిటలాడుతోంది, బండి వచ్చింది, ఆయన పెట్టె గుమ్మంలోంచే చెయ్యి చాపి వాచీ నా చేతిలో పెట్టాడు. మూత తీసి చూసే వీలు అక్కడ ఎక్కడుంది? ఆ సంగతి నాకు తట్టేలోపే ఆయన అన్నాడు, “చెవి దగ్గర పెట్టుకుని ఊపు తమ్ముడూ. విన్నావా? అదే బంపర్.”

విన్నాను. టక్. ఇంకోసారి ఊపాను, మళ్లీ టక్. ఒళ్లు జలదరించింది, నిజం చెప్తున్నాను. టీ అమ్మేవాళ్ల కేకలు, జనం గోల, అన్నిట్లోనూ నాకు ఆ టక్కు ఒక్కటే వినిపించింది. బండి కదిలేలోపు ఫోన్ తీసి డబ్బులు కొట్టేశాను. వెళ్తున్న బండిలోంచి ఆయన బొటనవేలు ఎత్తి చూపిస్తే నేనూ చూపించాను. ఆ బొటనవేలు ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తోంది.

సోమవారం తొలేళ్లు, అంటే పండగ తొలిరోజు, మంగళవారం సిరిమాను, పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మానుని ఊరేగించే రోజు. మా వాచీ రిపేరు తాతగారి షాపు గంటస్తంభం దగ్గర సందులో, పండగ రెండు రోజులూ మూసే ఉంది. నేను మాత్రం వాచీ కట్టుకుని ఊరంతా తిరిగాను. సిరిమాను గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి మూడుసార్లు తిరుగుతుంటే, ఆ జనంలో నలుగుతూ కూడా మధ్యమధ్యలో చెయ్యి దులుపుకుని ఆ టక్కు వింటూనే ఉన్నాను. పక్కన మా బావ, “ఏట్రా, చేతికి చీమ పట్టిందా” అన్నాడు.

ఇక్కడే నా తెలివి చూడండి. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో ఉన్నప్పుడు కొన్న హెచ్.ఎం.టి. ఒకటి ఇంట్లో ఉంది, దానికి రోజూ పొద్దున్నే కీ ఇవ్వడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అదే చేత్తో ఈ ఒమేగాకీ పొద్దున్నే ఓ పాతికసార్లు కీ తిప్పేశాను. మూడు రోజులూ తిప్పాను. దాంతో అది ఆగకుండా నడిచింది, నేను ఆహా ఆటోమేటిక్ అని మురిసిపోయాను.

బుధవారం పొద్దున్న షాపు తీశారు. సర్వీసింగ్ అంచనా వేయించుకుందామని వెళ్లానంతే, అనుమానంతో కాదు. తాతగారు కంటికి భూతద్దం బిగించుకుని మూత తిప్పి తీశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాచీని నా వైపు తిప్పి పెట్టి, “బాబూ, ఇందులో కొట్టే ముక్క నేదు” అన్నారు.

నాకు అర్థం కాలేదు. వంగి చూశాను. రాగి రంగు మిషన్, అందంగానే ఉంది, 351 అని మిషన్ మోడల్ నంబరు, 17 జ్యువెల్స్ అంటే లోపలి చిన్న రాళ్లు. సీరియల్ 13తో మొదలయ్యే ఎనిమిది అంకెలు, అంటే 1952 ప్రాంతం, ఆ లెక్క కరెక్టే. మిషన్ ఒమేగాదే. కానీ వెయిట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. దాన్ని పట్టి ఉంచే మధ్య పిన్ను ఒక్కటే బోసిగా నిలబడి ఉంది. అటూ ఇటూ ఆ రెండు చిన్న స్ప్రింగులు మాత్రం ఉన్నాయి, వచ్చి తగిలేది లేక ఊరికే.

“మరి టక్ మంటోంది కదా తాతగారూ?”

ఆయన పట్టకారు వెనక వైపుతో మిషన్ అంచుని మెల్లగా నొక్కారు. మిషన్ మొత్తం బాడీలో కదిలింది. టక్. ఇంకో వైపు నొక్కారు, టక్. బాడీకి బిగించే స్క్రూలు రెండూ లేవు. “నీ చప్పుడు ఇదే” అన్నారు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అంటే మూడు రోజులు నేను విన్నది లూజు మిషన్ బాడీకి కొట్టుకునే చప్పుడు. స్క్రూ లేని చప్పుడుకి నేను ఒళ్లు జలదరించుకున్నాను. బంపర్ అంటే టక్ మంటుందని అరకొరగా చదువుకోకపోయుంటే, లోపల ఏదో లూజుగా ఉందని చిన్నపిల్లాడైనా చెప్పేవాడు.

డయల్ సంగతి కూడా ఆయనే చూపించారు. అడుగున ‘టి స్విస్ మేడ్ టి’ అని ఉంది. ఆ ‘టి’ అంటే ట్రిటియం, ముళ్లు చీకట్లో మెరవడానికి వాడే పదార్థం, 1960ల్లో వచ్చిన గుర్తు. 1952 మిషన్‌కి ఆ డయల్ ఎక్కడి నుంచి వస్తుంది? తిరిగి రంగేసిన డయల్. అక్షరాల అంచులు లావుగా పొంగి ఉన్నాయి. ఆ ఫొటోని నేను ఎన్నిసార్లు జూమ్ చేశానో లెక్కలేదు. పోయిన నెలే గ్రూపులో కొత్తవాళ్లకి పాఠం చెప్పాను, జపాన్ సీకో వాచీల వెనక మూత మీద సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల, అక్టోబర్ నుంచి ఓ, ఎన్, డి అని, బొంబాయిలో డయల్‌కి కొత్త రంగులేసి అమ్మే సీకో 5 కొనకండి అని. గురువుగారి పరిస్థితి ఇదీ.

ఇంతవరకూ నా తప్పే అనుకుందాం. మధ్యాహ్నం ఫోన్ చేశాను. గొడవకి కాదు, సగం డబ్బులు వెనక్కి ఇచ్చినా చాలు అనుకుని, మర్యాదగా, అన్నా అనే మొదలుపెట్టాను. మూత తీయించాను, వెయిట్ లేదు అని చెప్పాను. అటు నుంచి రెండు సెకన్లు మాట లేదు. తర్వాత, “స్టేషన్‌లో నీ చేతిలోనే పెట్టాను కదా తమ్ముడూ, ఊపావు, విన్నావు, విన్నాకే కదా డబ్బులు కొట్టావు” అన్నాడు. అది మిషన్ లూజు చప్పుడు అన్నా అన్నాను. అప్పుడు అన్నాడండీ ఈ మాట: “మూడు రోజులు నీ దగ్గరే ఉంది. నీ రిపేరువాడు వెయిట్ కొట్టేసి ఉంటాడు. వెళ్లి ముసలోడి జేబులు వెతుక్కో.”

నా డబ్బులు పోతే పోయాయి. ఆ పెద్దాయన నలభై నిమిషాలు చూసి నా దగ్గర రూపాయి పుచ్చుకోలేదు. మూత నా కళ్లెదురుగా తీశారు. మా నాన్న హెచ్.ఎం.టి.కి ఎన్నిసార్లు ఆయిల్ వేశారో ఆయనకే గుర్తుండదు. ఆయన్ని దొంగ అన్నాడు, అదీ ఏ తొణుకూ లేకుండా, ఆ మాట ముందే సిద్ధంగా పెట్టుకున్నట్టు. నాకు నోట మాట రాలేదు. మాట దొరికేసరికి ఫోన్ పెట్టేశాడు, బ్లాక్ చేశాడు, గ్రూపులోంచి తీసేశాడు. ఎంత పద్ధతి.

రాత్రి నిద్ర పట్టక, నా ఫోన్‌లో మిగిలిన ఆ గ్రూపు పాత మెసేజీలు పైకి తిప్పుకుంటూ వెళ్లాను. మూడు వారాల కిందటి లాట్‌లో, నాలుగో ఫొటో: ‘ఒమేగా బంపర్ వెయిట్, ఒరిజినల్, స్పేర్ పార్ట్, 6,500’. రాగి రంగు ముక్క, నల్ల గుడ్డ మీద పెట్టి ఫొటో తీశాడు. అది ఈ వాచీలోదే అని నేను నిరూపించలేను. ఎవరు కొన్నారో కూడా తెలీదు. ఆ ఫొటో కింద మొదటి లవ్ సింబల్ మాత్రం నాదే.

సరే, కొనేవాళ్లకి: ఫొటోలు కాదు, మూత తీసి ఉన్న వీడియో అడగండి, అందులో వాచీని పక్కకి వంచితే వెయిట్ కదలడం కనబడాలి. ఇస్తానంటూ రైలు దగ్గరికి, బస్టాండ్‌కి రమ్మంటే వెళ్లకండి, వెళ్లినా డబ్బులు మీ రిపేరు షాపులో కూర్చుని కొట్టండి. వాచీ వచ్చాక రెండు రోజులు కీ ముట్టుకోకండి, ఉత్తి చేతికి కట్టుకుంటే నడుస్తుందో లేదో అదే చెప్తుంది. ఇంకేమైనా ఉంటే కింద మీరే రాయండి, నాకు ఓపిక లేదు.

తాతగారు స్క్రూలు రెండు వెతికి బిగించి ఇచ్చారు, ఇప్పుడు టక్ మనడం లేదు. కీ ఇస్తే నడుస్తోంది. ఎవరి దగ్గరైనా 351కి సరిపోయే వెయిట్ ఉంటే చెప్పండి, రేటు మాట్లాడుకుందాం. మూడు వారాల కిందట 6,500 పెట్టి కొన్న వ్యక్తి ఇది చదువుతుంటే, మీరైనా సరే.