మేనేజ్డ్ స్విచ్‌లతో ప్లాంట్ నెట్‌వర్క్ విభజన: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఒక ఔషధ కర్మాగారంలో మాత్రల ప్యాకింగ్ విభాగపు ఆటోమేషన్ పనులు నేను చూస్తాను. మాత్రలను అట్టల్లో బిగించే బ్లిస్టర్ యంత్రాలు, వాటిని పెట్టెల్లో పెట్టే కార్టనర్లు, పెట్టెల సీరియల్ సంఖ్యలు చదివే సీరియలైజేషన్ కెమెరాలు, కన్వేయర్ మోటార్లను నడిపే డ్రైవ్‌లు, ప్లాంటును పర్యవేక్షించే స్కాడా సర్వర్లు అన్నీ ఇదివరకు ఒకే ఐపీ శ్రేణిలో, సెట్టింగులేవీ మార్చలేని అన్‌మేనేజ్డ్ స్విచ్‌ల మీద నడిచేవి. కొన్నేళ్ల క్రితం వాటి స్థానంలో ప్యానెల్‌లోని డిన్ రైలు (లోహపు పట్టీ) మీద బిగించే, సెట్టింగులు మార్చుకోగల మేనేజ్డ్ స్విచ్‌లను అమర్చి నెట్‌వర్క్‌ను వీలాన్‌లుగా, అంటే అవే స్విచ్‌ల మీద వేరువేరుగా నడిచే చిన్న నెట్‌వర్క్‌లుగా, విడదీశాము. ఈ పద్ధతి మూడు షిఫ్టుల ఉత్పత్తిలో ఎంతవరకు నిలబడిందో, ఎక్కడ విసిగించిందో ఇక్కడ వివరిస్తాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది దేని ప్రకారం విడదీయాలన్న ప్రశ్న. యంత్రాలను నడిపే కంట్రోలర్లైన పీఎల్‌సీలన్నీ ఒక వీలాన్‌లో, ఆపరేటర్ తెరలైన హెచ్‌ఎంఐలన్నీ మరొక వీలాన్‌లో, డ్రైవ్‌లన్నీ ఇంకొక వీలాన్‌లో పెట్టే ప్రతిపాదన కాగితం మీద చక్కగా కనిపిస్తుంది గాని, ఒక లైన్‌లోని పీఎల్‌సీకి ఆ లైన్ డ్రైవ్‌లతోనే క్షణక్షణం పని ఉంటుంది కనుక, ఆ మాటామంతీ అంతా వీలాన్లను కలిపే రూటర్ గుండా తిరిగి రావలసి వస్తుంది. పైగా ఈ యంత్రాలు మాట్లాడుకునే ప్రొఫినెట్ అనే ప్రోటోకాల్‌లోని రియల్‌టైమ్ ఫ్రేములకు (డేటా పొట్లాలకు) రూటర్‌కు దారి చూపే ఐపీ హెడర్ ఉండదు. అవి రూటర్ దాటి వెళ్లనే వెళ్లవు. అందువల్ల ఏ యంత్రాలు ఆగితే కలిసి ఆగుతాయో వాటిని ఒకే వీలాన్‌లో ఉంచడం సరైన పద్ధతి అని నా దృఢమైన అభిప్రాయం. మేము లైన్‌కు ఒకటి చొప్పున వీలాన్ ఇచ్చి, కెమెరాలకు, సర్వర్లకు, స్విచ్‌ల నిర్వహణకు వేర్వేరుగా కేటాయించాము. పారిశ్రామిక నెట్‌వర్క్‌ల భద్రతకు ఉద్దేశించిన ఐఈసీ 62443 ప్రమాణం చెప్పే జోన్లు (ఒకే రక్షణ కావలసిన పరికరాల గుంపులు), కాండ్యూట్ల (వాటి మధ్య దారుల) ఆలోచన కూడా ఇదే దారిలో ఉంటుంది.

వీలాన్ గీసినంత మాత్రాన భద్రత వచ్చినట్టు కాదు. వాటి మధ్య రూటింగ్ ఉండి నియమాలు లేకపోతే, ఒక కంప్యూటర్‌లో చేరిన వైరస్‌కు అన్ని లైన్ల తలుపులూ తెరిచే ఉంటాయి. ఫైర్‌వాల్ మీద స్కాడా సర్వర్ నుంచి పీఎల్‌సీలకు ఈథర్‌నెట్/ఐపీ అనే ప్రోటోకాల్ వాడే టీసీపీ 44818 పోర్టును (ఇది కేబుల్ గుచ్చే పోర్టు కాదు, ట్రాఫిక్ రకాన్ని తెలిపే సంఖ్య), మోడ్‌బస్ అనే మరో ప్రోటోకాల్ వాడే చిల్లర్లకు 502ను అనుమతించి, మిగిలినదంతా మూసేశాము. ఈ జాబితా తయారు చేయడానికి వీలాన్లు అమర్చడంకన్నా చాలా ఎక్కువ సమయం పట్టింది, ఎందుకంటే ఏ యంత్రం దేనితో మాట్లాడుతుందో పూర్తిగా తెలిసినవారు ప్లాంటులో ఒక్కరూ లేరు. ఒక పోర్టు ట్రాఫిక్ నకలును మరో పోర్టుకు పంపే పోర్ట్ మిర్రరింగ్ పెట్టి, వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో ట్రాఫిక్ పట్టుకుని చూసిన తర్వాతే అసలు చిత్రం బయటపడింది.

నాకు అత్యంత మేలు చేసిన సదుపాయం ఐజీఎంపీ స్నూపింగ్, అంటే ఏ పోర్టు ఏ గుంపు డేటాను అడిగిందో స్విచ్ గమనించి గుర్తుంచుకోవడం. ఈథర్‌నెట్/ఐపీ వాడే పాత పరికరాలు కొన్ని తమ ఇన్‌పుట్, అవుట్‌పుట్ డేటాను మల్టీకాస్ట్‌గా, అంటే ఒక గుంపుకు కలిపి, పంపుతాయి. అన్‌మేనేజ్డ్ స్విచ్ దానిని బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే సందేశం) లాగే చూసి ప్రతి పోర్టుకూ నెట్టేస్తుంది. దానితో ఆ డేటాతో ఏ సంబంధమూ లేని చిన్న డ్రైవ్ సైతం ప్రతి ప్యాకెట్‌నూ అందుకుని పారేయవలసి వచ్చి, చివరకు కమ్యూనికేషన్ ఫాల్ట్‌తో ట్రిప్ అవుతుంది. స్నూపింగ్ ఆన్ చేశాక అడిగిన పోర్టుకే ఆ డేటా వెళుతుంది. అయితే ఎవరికి ఆ డేటా ఇంకా కావాలో అప్పుడప్పుడు అడిగే క్వెరియర్ ఒకటి ఆ వీలాన్‌లో ఉండి తీరాలి. అది లేకపోతే, ప్రమాణపు డిఫాల్ట్ విలువల ప్రకారం, 260 సెకన్లకు సభ్యత్వాల పట్టిక గడువు తీరిపోతుంది. ఆ తర్వాత కొన్ని స్విచ్‌లు మళ్లీ అన్ని పోర్టులకూ వెదజల్లుతాయి, కొన్ని పూర్తిగా ఆపేస్తాయి. ప్రారంభించిన నాలుగైదు నిమిషాలకు లైన్ పడిపోయే చిత్రమైన బ్రేక్‌డౌన్ కనిపిస్తే ముందుగా క్వెరియర్‌నే చూడమని నేను చెబుతాను.

ఒక కేబుల్ తెగినా రెండోవైపు నుంచి డేటా వెళ్లేలా పరికరాలను వలయంగా కలిపే రింగ్ విషయంలో అమ్మకందారుల మాటను యథాతథంగా తీసుకోకూడదు. ప్రొఫినెట్ లైన్లలో వాడే ఎంఆర్‌పీ అనే రకం రింగ్ తెగితే కోలుకోవడానికి, 50 పరికరాల వరకు, 200 మిల్లీసెకన్లలోపు పడుతుంది. కానీ 8 మిల్లీసెకన్ల అప్‌డేట్ సమయం, సాధారణంగా ఉండే 3 చక్రాల వాచ్‌డాగ్ (వరుసగా అన్ని చక్రాలు డేటా రాకపోతే సంబంధం తెంచే గడువు) ఉన్న పరికరం 24 మిల్లీసెకన్లకే సంబంధం తెంచుకుంటుంది. అంటే కేబుల్ తెగినప్పుడు నెట్‌వర్క్ బతుకుతుంది, యంత్రం మాత్రం ఆగుతుంది. వాచ్‌డాగ్‌ను పెంచడానికి ప్రక్రియ ఒప్పుకుంటుందో లేదో యంత్రం వారీగా తేల్చుకోవాలి. ఈథర్‌నెట్/ఐపీలోని డీఎల్‌ఆర్ అనే రింగ్ పద్ధతి అదే 50 పరికరాల రింగ్‌లో 3 మిల్లీసెకన్లలోపు కోలుకుంటుంది కనుక ఆ లైన్లలో ఈ చిక్కు రాలేదు.

రోజువారీ పనిలో, ఒక్కో పోర్టులోని లోపాలను లెక్కించే పోర్ట్ కౌంటర్లు తెచ్చిన మార్పు నాకెంతో తృప్తినిచ్చింది. ఒక కార్టనర్ అప్పుడప్పుడు కారణం చెప్పకుండా ఆగుతుంటే, దాని పోర్టులో సీఆర్‌సీ లోపాల (దారిలో చెడిపోయిన ఫ్రేముల) సంఖ్య యంత్రపు చెయ్యి ముందుకు కదిలినప్పుడల్లా పెరగడం తెర మీద కళ్లారా చూశాము. కదిలే కేబుళ్లను మోసే డ్రాగ్ చైన్‌లో నలిగిన కేబుల్‌ను మార్చగానే లెక్క స్థిరపడింది. అన్‌మేనేజ్డ్ స్విచ్ ఉన్న రోజుల్లో ఇదే సమస్యకు పీఎల్‌సీ కార్డు, డ్రైవ్, సెన్సర్ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూసేవారు. రాత్రి షిఫ్టులో ఎవరో ఒక ప్యాచ్ కార్డ్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చినప్పుడు కూడా, డేటా ఆగకుండా చుట్టూ తిరిగే లూప్‌లను ఆపే ఆర్‌ఎస్‌టీపీ ఆ పోర్టును అడ్డుకుని, లాగ్‌లో ఒక వాక్యం రాసి ఊరుకుంది, ఉత్పత్తి ఆగలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. యంత్ర తయారీదారులలో చాలామంది తమ ప్రతి యంత్రాన్నీ 192.168.1 శ్రేణిలోనే పంపుతారు, మార్చితే వారంటీ పోతుందంటారు. అలాంటి చోట ఒకటికొకటి నాట్ చేయగల, అంటే ప్రతి పరికరపు చిరునామాకూ బయటివైపు మరో చిరునామా ఇవ్వగల, స్విచ్ వాడక తప్పలేదు, దానితో డ్రాయింగుల్లో ప్రతి పరికరానికీ రెండేసి చిరునామాలు రాయవలసి వచ్చింది. సర్వీస్ ఇంజినీరు ల్యాప్‌టాప్‌ను వేరే వీలాన్ పోర్టుకు తగిలించి, తన టూల్‌లో పరికరాలు కనిపించడం లేదని గంటసేపు వెతకడం కూడా మామూలే, ఎందుకంటే పరికరాలను వెతికే ప్రొఫినెట్ డిస్కవరీ వీలాన్ దాటదు. ప్రతి ప్యానెల్ తలుపు లోపల పోర్ట్ సంఖ్య, వీలాన్, పరికరం పేరు రాసిన పట్టిక అంటించాక ఆ గోల తగ్గింది. వాడని పోర్టులన్నీ షట్‌డౌన్‌లో ఉంచి, ప్యానెల్‌కు ఒక సర్వీస్ పోర్టు మాత్రమే తెరిచి ఉంచాము.

ధర అన్‌మేనేజ్డ్ స్విచ్‌కు కొన్ని రెట్లు ఉంటుంది. ఒక పీఎల్‌సీ, ఒక హెచ్‌ఎంఐ, నాలుగైదు డ్రైవ్‌లతో బయటి సంబంధం లేకుండా నిలబడే యంత్రానికి ఈ ఖర్చు అనవసరం. రెండో లైన్ గాని, ఆఫీసు నుంచి వచ్చే కేబుల్ గాని ప్యానెల్‌లోకి చేరిన రోజున మాత్రం వెనుకాడవద్దు. కొనేటప్పుడు 24 వోల్టుల రెండు సరఫరాలు తీసుకునే మోడల్‌ను, కాన్ఫిగరేషన్ నిలిచే మెమరీ కార్డు ఉన్నదాన్ని ఎంచుకోండి. రాత్రి రెండు గంటలకు స్విచ్ కాలిపోతే, ఎలక్ట్రీషియన్ ఆ కార్డు తీసి అదే మోడల్ స్పేర్‌లో పెట్టి, కేబుళ్లను పట్టిక ప్రకారం గుచ్చి లైన్ నడిపించగలగాలి. స్విచ్‌లకూ పీఎల్‌సీలకూ స్కాడాకూ గడియారాలను కలిపే ఒకే ఎన్‌టీపీ సర్వర్ నుంచి సమయం అందేలా మొదటి రోజే చూసుకోవాలి. గడియారాలు కలవని లాగ్‌లతో ఏ పోర్టు ముందు పడిందో, ఏ డ్రైవ్ తర్వాత ఆగిందో తేల్చడం సాధ్యం కాదు.