టైర్లకు గాలి కొట్టే డిజిటల్ ఇన్‌ఫ్లేటర్: మెషిన్ మంచిదే, పొద్దున్నే వాడండి

రెండు వేల చిల్లర పెట్టి ఆన్‌లైన్‌లో తీసుకున్నాను, కారులో పన్నెండు వోల్టుల సాకెట్‌కి పెట్టి వాడే రకం. నా రేటింగ్ నాలుగు స్టార్లు. దీనికి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ల రివ్యూలు చదివాక మాత్రం ఇది రాయకుండా ఉండలేకపోయాను. "సాయంత్రం 33 పెట్టా, పొద్దున చూస్తే 29 చూపిస్తోంది, మీటర్ ఫేక్" అనేదే వాటిలో ఎక్కువగా కనిపించే ఫిర్యాదు (ఇక్కడ టైరు గాలి అంకెలన్నీ పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల పీడనం అని). మీటర్ ఫేక్ కాదండీ, సాయంత్రం మీ టైరు వేడిగా ఉంది, అంతే.

ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీలో గేలూసాక్ నియమం చదివే ఉంటారు: ఘనపరిమాణం మారకుండా ఉంటే వాయువు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. టైరు పెద్దగా సాగదు కాబట్టి ఆ నియమం ఇక్కడ బాగానే పనిచేస్తుంది. లెక్క వేసేటప్పుడు ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకోవాలి, గేజ్ చూపే అంకెకి బయటి గాలి పీడనం 14.7 కలపాలి. ఎందుకంటే గేజ్ చెప్పేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే, మొత్తం పీడనం కాదు. వేసవిలో హైవే మీద నుంచి వచ్చారు, టైరులో గాలి 55 డిగ్రీలు ఉందనుకుందాం, అంటే 328 కెల్విన్. అప్పుడు 33 పెట్టారు, మొత్తం పీడనం 47.7. తెల్లారేసరికి చల్లబడి 25 డిగ్రీలకు, అంటే 298 కెల్విన్‌కి వచ్చింది. 47.7ని 298తో గుణించి 328తో భాగిస్తే సుమారు 43.3, అందులోంచి 14.7 తీసేస్తే 28.6. చుక్క గాలి లీక్ కాకుండానే నాలుగున్నర దాకా తగ్గిపోయింది!

డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉండే అంకె చల్లటి టైరుకి ఇచ్చినది. అందుకే బండి తీయకముందే, పొద్దున్నే కొట్టుకోండి. ఇంట్లో ఇలాంటిది ఉండటం వల్ల అసలు లాభం కూడా అదే, బంకు దాకా వెళ్లేలోపే టైరు వేడెక్కడం మొదలవుతుంది కదా. ఇంకో మాట, ఎండలో తిరిగొచ్చాక 37 చూపిస్తోందని దయచేసి గాలి తీసేయకండి. అలా తీసేస్తే చల్లారాక గాలి తక్కువై, టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి, ఇంకా వేడెక్కుతుంది. వేసవిలో టైర్లు పేలడానికి ఇదీ ఒక కారణమే.

పైపు చివర ఇత్తడి భాగం కాలిపోతోందని ఇంకొందరు రాశారు. నిజమే, కాలుతుంది. స్థిర ఉష్ణోగ్రత వద్ద ఘనపరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుందని 1662లో బాయిల్ చెప్పాడు. కానీ ఇందులోని చిన్న పిస్టన్ గాలిని ఎంత వేగంగా నొక్కుతుందంటే వేడి బయటికి పోయే టైమే ఉండదు, దాంతో గాలి ఉష్ణోగ్రత కూడా పెరిగిపోతుంది. కాబట్టి అది మెషిన్ లోపం కాదు. వెంటనే చేత్తో పట్టుకోకుండా పాత గుడ్డ వాడండి, మెషిన్‌కి మాన్యువల్‌లో చెప్పినంత విశ్రాంతి ఇవ్వండి.

నైట్రోజన్ సంగతి కూడా చెప్పేస్తాను, అది కొట్టిస్తే ఈ తంటా ఉండదని చాలామంది నమ్ముతారు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్, పైగా వేడెక్కితే రెండింటి పీడనమూ దాదాపు ఒకేలా పెరుగుతుంది. పొడిగా, తేమ లేకుండా ఉండటం, టైరులోంచి కాస్త నెమ్మదిగా తగ్గడం దాని మేలు. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి దాని కోసం డబ్బులు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక నేను ఒక స్టార్ ఎందుకు కోశానంటే, చప్పుడు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున్నే ఆన్ చేస్తే పక్కవాళ్లు తలుపు తీసి చూస్తారు. సెట్ చేసిన అంకె దగ్గర దానంతటదే ఆగుతుంది కానీ, ఆగిన క్షణంలో రీడింగ్ ఒకటి పడిపోతోంది. మోటారు నడుస్తున్నంతసేపూ పైపులో పీడనం టైరులో కంటే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి 33 కావాలంటే 34 పెడుతున్నాను. మాన్యువల్‌లో చల్లటి టైరు గురించి ఒక్క ముక్క లేదు, ఉండి ఉంటే ఆ ఒక్క స్టార్ రివ్యూలు సగం వచ్చేవి కావు.

కొనేవాళ్లు వైరు పొడవు మాత్రం చూసుకోండి, వెనక టైర్ల దాకా అందాలి.